వైస్రాయ్ హోటల్లో ఏం జరిగింది? ఒక పార్టీ చీలికను చదవడం ఎలా

 

ఈ వారం పార్టీ చీలికల గురించి మాట్లాడతానని చెబితే మా ఆవిడ ఒక్కటే మాట అంది: "ఏమైనా మాట్లాడండి గానీ, రేపు సంక్రాంతికి రెండు వర్గాల ఇళ్ళకూ నన్ను ఒక్కదాన్నే పంపకండి" అని. మనం ఉంటున్న ఈ దేశంలో రాజకీయ పార్టీలు లేవు. పని కోసం వచ్చాం, పిల్లల్ని చదివించుకుంటున్నాం. అయినా ఊరి పార్టీల తగువులు సూట్‌కేసులో ఆవకాయ జాడీ పక్కనే పెట్టుకుని తెచ్చుకున్నాం. కరామాలో ఒకే బల్ల దగ్గర టిఫిన్ చేసే స్నేహితులు ఎన్నికల ఏడాదిలో మాటలు మానేసిన సందర్భాలు మీకూ తెలిసే ఉంటాయి.

అందుకని ఈ రోజు ఎవరిది తప్పో చెప్పను. ఒక పార్టీలో వర్గాల గొడవ జరిగినప్పుడు అసలేం జరిగిందో తెలుసుకోవడం ఎలా అన్నదే చెబుతాను. ఉదాహరణకి మనందరికీ తెలుసనుకునే ఘటన తీసుకుంటాను: 1995 ఆగస్టు, తెలుగుదేశం పార్టీ.

మా అమ్మాయి పదో తరగతి. స్కూల్లో ప్రాంతీయ పార్టీల మీద ప్రాజెక్టు ఇచ్చారు. తెలుగుదేశం గురించి రాద్దామని, తెలిసిన ముగ్గురు పెద్దవాళ్ళని అడిగింది. గుంటూరు పెదనాన్నగారు "అది వెన్నుపోటమ్మా, ఇంకో మాట లేదు" అన్నారు. చిత్తూరు అంకుల్ "ఆ రోజు అలా చెయ్యకపోతే పార్టీయే ఉండేది కాదు" అన్నారు. కరీంనగర్ మామయ్య "ఆ గొడవలో మా జిల్లా వాళ్ళని ఎవరూ అడగలేదు" అన్నారు. ముగ్గురూ కళ్ళారా చూసినట్టే చెప్పారు. తీరా కదిపితే 1995 ఆగస్టులో ఒకరు అజ్మాన్‌లో వర్క్‌షాపులో ఉన్నారు, ఒకరు మస్కట్‌లో ఉన్నారు, మూడో ఆయన జగిత్యాలలో ఇంటర్ చదువుతున్నారు. అప్పట్లో ఇక్కడివాళ్ళకి తెలుగు పేపరు చేరేసరికి రోజులు పట్టేది. ఫోన్ బూత్ ముందు వరసలో నిలబడి, కార్డు అయిపోయేలోపు ఇంటి కబురు, పార్టీ కబురు రెండూ అడగాలి. అలా విన్న సగం మాటే ముప్పై ఏళ్ళలో కళ్ళారా చూసిన సంగతిగా మారింది.

మరి ఎక్కడ మొదలుపెట్టాలి? తేదీల దగ్గర. తేదీలకి పక్షం ఉండదు.

1982 మార్చి 29న ఎన్.టి. రామారావు తెలుగుదేశం పార్టీని ప్రకటించారు. తొమ్మిది నెలలకే, 1983 జనవరిలో ముఖ్యమంత్రి అయ్యారు. 1984 ఆగస్టు 16న, అమెరికాలో గుండె ఆపరేషన్ చేయించుకుని వచ్చిన రోజుల్లోనే, గవర్నర్ రాంలాల్ ఆయన ప్రభుత్వాన్ని బర్తరఫ్ చేసి ఆర్థిక మంత్రి నాదెండ్ల భాస్కరరావుని ముఖ్యమంత్రిని చేశారు. ఎన్టీఆర్ చక్రాల కుర్చీలో ఢిల్లీ వెళ్ళి శాసనసభ్యుల్ని రాష్ట్రపతి ముందు హాజరుపరిచారు. సభ్యుల్ని కర్ణాటకలో, రామకృష్ణ హెగ్డే ప్రభుత్వం అండన, శిబిరంలో ఉంచారు. నెల తిరిగేసరికి, సెప్టెంబర్ 16న ఎన్టీఆర్ మళ్ళీ ముఖ్యమంత్రి అయ్యారు. ఆ శిబిరం నడపడంలో ముందున్న వాళ్ళలో ఆయన అల్లుడు చంద్రబాబు నాయుడు ఒకరు.

ఇక రెండో ఆగస్టు. 1993లో ఎన్టీఆర్ లక్ష్మీపార్వతిని పెళ్ళి చేసుకున్నారు. 1994 డిసెంబర్ ఎన్నికల్లో 294 స్థానాల సభలో తెలుగుదేశం ఒక్కటే 216 గెలిచింది, కాంగ్రెస్ 26 దగ్గర ఆగిపోయింది. తొమ్మిది నెలలు తిరక్కుండానే 1995 ఆగస్టులో శాసనసభ్యులు హైదరాబాద్‌లో ట్యాంక్‌బండ్ దగ్గరి వైస్రాయ్ హోటల్లో చేరారు. ఎన్టీఆర్ సభ రద్దుకు సిఫారసు చేశారు. అది సాగలేదు. బలపరీక్షకు ముందే రాజీనామా చేశారు. సెప్టెంబర్ 1న చంద్రబాబు ముఖ్యమంత్రిగా ప్రమాణం చేశారు. గవర్నర్ కృష్ణకాంత్, స్పీకర్ యనమల రామకృష్ణుడు. 1996 జనవరి 18న ఎన్టీఆర్ కన్నుమూశారు.

ఇంతవరకూ చెప్పినదాంట్లో ఏ వర్గానికీ అభ్యంతరం ఉండదు. రెండు వర్గాలూ ఒప్పుకునే పేజీ ఒకటి ముందు తయారు చేసుకోవాలని నేననేది అందుకే. మా అమ్మాయి ఆ పేజీ రాసి ముగ్గురికీ చూపిస్తే ముగ్గురూ బాగుందన్నారు. గొడవంతా దాని తరువాతే.

తేదీల తరువాత చూడాల్సింది లెక్క, చట్టం. ఆ రోజు చట్టం ఏం చెబుతోందో తెలియకపోతే నాయకులు చేసిన పని అర్థం కాదు. 1984లో ఫిరాయింపుల చట్టమే లేదు. రాజ్యాంగంలో పదో షెడ్యూల్ వచ్చింది 1985లో. అందులో ఒక సందు ఉండేది. శాసనసభా పక్షంలో మూడో వంతు మంది బయటికొస్తే దాన్ని చీలిక అంటారు, వాళ్ళ సభ్యత్వం పోదు. 216లో మూడో వంతు 72. పార్టీలో సగానికి పైన కావాలంటే 109. సభలో మెజారిటీకి 148. ఈ మూడు అంకెలు పక్కన పెట్టుకుని అప్పటి వార్తలు చదవండి. ఇంతమందిని ఒక హోటల్లో ఎందుకు కూర్చోబెట్టారో, ఒక్కొక్క సభ్యుడి కోసం ఎందుకంత పాకులాడారో అప్పుడు తెలుస్తుంది. 2003లో రాజ్యాంగ సవరణ చేసి ఆ మూడో వంతు సందు మూసేశారు. తరువాత మూడింట రెండు వంతుల మందితో వేరే పార్టీలో విలీనం అయితేనే రక్షణ. 1995 సంగతిని ఇప్పటి చట్టంతో కొలవడం సరికాదు, ఇప్పటి సంగతిని అప్పటి చట్టంతో కొలవడమూ సరికాదు.

సభ్యుల సంఖ్య గురించి మరో మాట. ఏ శిబిరం ప్రకటించిన సంఖ్య ఆ శిబిరానికి అనుకూలంగానే ఉంటుంది. అందుకని నోటుబుక్కులో నాలుగు గడులు గీసుకోండి: ఏ తేదీ, ఎంతమంది, ఎవరు చెప్పారు, ఎవరు లెక్కపెట్టారు. నాలుగో గడి చాలాసార్లు ఖాళీగా ఉండిపోతుంది. ఆ ఖాళీ కూడా ఒక సమాచారమే.

మూడోది పార్టీ గుర్తు. సైకిల్ ఎవరిదన్న ప్రశ్న ఎన్నికల సంఘం ముందుకి వెళ్ళింది. 1969లో కాంగ్రెస్ చీలినప్పుడు వచ్చిన సాదిక్ అలీ కేసులో సుప్రీంకోర్టు 1971లో తీర్పు ఇచ్చింది. చట్టసభల్లోనూ, పార్టీ సంస్థాగత విభాగంలోనూ ఎవరికి ఎక్కువ మంది ఉన్నారో చూడటం సరైన పద్ధతేనని అందులో చెప్పింది. పార్టీ పెట్టిందెవరు అన్నది కొలత కాదు. సైకిల్ చంద్రబాబు వర్గానికి వెళ్ళింది. ఎన్టీఆర్ వర్గం లక్ష్మీపార్వతి నాయకత్వంలో వేరే పార్టీగా 1996 లోక్‌సభ ఎన్నికల్లో పోటీ చేసి ఒక్క స్థానం కూడా గెలవలేదు. ఇరవై ఏళ్ళ తరువాత ఉత్తరప్రదేశ్‌లో దాదాపు ఇదే కథ. సమాజ్‌వాదీ పార్టీ పెట్టిన ములాయంసింగ్ బతికుండగానే, 2017 జనవరిలో ఎన్నికల సంఘం పార్టీని కొడుకు అఖిలేశ్ వర్గానికి ఇచ్చింది. విచిత్రం ఏమిటంటే అక్కడా గుర్తు సైకిలే. ఈ పోలిక చూస్తే మన తెలుగువాళ్ళ ఇంట్లోనే జరిగిన వింత కాదని తెలుస్తుంది. ఒక్క మనిషి చుట్టూ, ఒక కుటుంబం చుట్టూ కట్టిన పార్టీలో వారసత్వానికి రాసుకున్న పద్ధతి లేకపోతే, ఇంటి తగువు పార్టీ తగువవుతుంది, అది రాష్ట్రం తగువవుతుంది.

నాలుగోది మాటలు. ఒక ఘటనకి ఏ పేరు పెట్టారో చూస్తే చెప్పేవాడు ఎటున్నాడో తెలుస్తుంది. "అసమ్మతి" అంటే పార్టీలో ఉంటూనే కాదనడం. "చీలిక" చట్టం మాట. "తిరుగుబాటు" విలేకరి మాట. "నాయకత్వ మార్పు" గెలిచినవాళ్ళ మాట. "వెన్నుపోటు" ఓడినవాళ్ళ మాట. తమాషా ఏమిటంటే 1984కీ 1995కీ కూడా వెన్నుపోటు అనే మాటే వాడారు. మొదటిదాంట్లో పొడిచాడన్న మనిషి నెలలో గద్దె దిగాడు, రెండోదాంట్లో గద్దె నిలిచింది. ప్రాజెక్టు రాసే పిల్లలకి ఒక సలహా: ఆ మాట రాయండి, కానీ ఎవరు అన్నారో పక్కనే రాయండి.

ఐదోది సాక్షులు. ఈ ఘటన మీద అందులో ఉన్నవాళ్ళే రాశారు. చంద్రబాబు "మనసులో మాట" ఉంది. లక్ష్మీపార్వతి పుస్తకం ఉంది. ఎన్టీఆర్ మరో అల్లుడు దగ్గుబాటి వెంకటేశ్వరరావు "ఒక చరిత్ర కొన్ని నిజాలు" అనే పుస్తకం 2009లో తెచ్చారు. ఆయన 1995లో చంద్రబాబు వైపు నిలబడ్డారు, తరువాత విడిపోయారు, పుస్తకం వచ్చేనాటికి కాంగ్రెస్‌లో ఉన్నారు. దీనివల్ల పుస్తకం అబద్ధం అయిపోదు. లోపల ఉన్న మనిషి కాబట్టి విలువ ఎక్కువే. కాకపోతే పద్నాలుగేళ్ళ తరువాత, పక్షం మారాక రాసిన మాట అని గుర్తుంచుకుని చదవాలి. 1995లో ఎన్టీఆర్ అల్లుడి మీద "జామాత దశమగ్రహం" పేరుతో కేసెట్ తెచ్చారు. అది ఆ రోజుల్లోనే, గాయం పచ్చిగా ఉండగా వచ్చిన మాట. దాని విలువ వేరు, దాని పక్షపాతం వేరు.

సినిమాల సంగతి చెప్పక్కర్లేదు. 2019 ఎన్నికల ఏడాది. "ఎన్టీఆర్ మహానాయకుడు" 1984 సంక్షోభం చూపించి, 1995 దాకా రాకుండానే ఆగింది. "లక్ష్మీస్ ఎన్టీఆర్" 1995నే ప్రధానంగా చూపించింది. ఒకే మనిషి జీవితం, ఒకే ఏడాది, రెండు సినిమాలు. కథ ఎక్కడ మొదలుపెట్టి ఎక్కడ ఆపారో చూస్తే చాలు, తీసినవాళ్ళు ఏ వైపో తెలిసిపోతుంది. మన పిల్లలకి ఈ చరిత్ర చేరుతున్నది ఇలాగే, ఫోన్లో ముక్కలుముక్కలుగా.

వైస్రాయ్ ముందు చెప్పులు విసిరిన సంగతే తీసుకోండి. విసరడం గురించి అందరూ చెబుతారు. ఎవరు విసిరారు, ఎవరిని ఉద్దేశించి విసిరారు అన్న దగ్గర రెండు వర్గాల కథనాలు విడిపోతాయి. జరిగిందన్నది ఒక వాక్యం, ఎందుకు జరిగిందన్నది ఇంకో వాక్యం. రెండిటినీ ఒకే వాక్యంలో కలిపితే చరిత్ర పోయి తగువు మిగులుతుంది.

ఇక్కడ కూర్చుని ఇదంతా ఎలా అంటారా? ఎన్నికల సంఘం పాత ఫలితాల నివేదికలు ఇంటర్నెట్‌లో ఉన్నాయి. సుప్రీంకోర్టు తీర్పులు ఉన్నాయి. ఇండియా టుడే పాత వ్యాసాలు దొరుకుతాయి. సెలవులకి ఊరెళ్ళినప్పుడు పెద్ద గ్రంథాలయంలో ఒక పూట కూర్చుని 1995 ఆగస్టు చివరి వారం పేపర్లు రెండు మూడు తీసి, ఒకే రోజు శీర్షికలు పక్కపక్కన పెట్టి చూడండి. ఒక్క పేపరే చదివితే ఒక్క వర్గమే కనిపిస్తుంది.

వీటన్నిటికంటే దగ్గర్లో ఉన్న ఆధారం ఇంకొకటుంది. మన చుట్టూ ఉన్న మనుషులు. సోనాపూర్ క్యాంపుల్లో, ముసఫ్ఫాలో, షార్జా ఇండస్ట్రియల్ ఏరియాలో ఆ రోజుల్లో ఊళ్ళో జెండా మోసినవాళ్ళు ఉన్నారు. నాయకుల కథ పుస్తకాల్లో ఉంది. రెండు ముక్కలైన పార్టీలో ఊరి కార్యకర్త ఏమయ్యాడన్నది ఎక్కడా లేదు. ఒకే ఇంట్లో అన్న ఒక వర్గం, తమ్ముడు ఒక వర్గం అయితే పొలం గట్టు దగ్గర ఏం జరిగింది? వాళ్ళని అడగండి. "ఎవరిది తప్పు?" అని అడిగితే ఉపన్యాసం వస్తుంది. "ఆ రోజు మీరెక్కడున్నారు, కబురు ఎలా తెలిసింది, మర్నాడు ఏం చేశారు?" అని అడిగితే చరిత్ర వస్తుంది. అనుమతి అడిగి రికార్డు చేసుకోండి. పేరు వద్దంటే రాయకండి. వాళ్ళు ఉద్యోగాలు చేసుకునేవాళ్ళు, వాళ్ళకి ఇబ్బంది రాకూడదు.

ఈ పని ఇప్పుడే చెయ్యాలి. ఆనాడు నలభై ఏళ్ళున్న కార్యకర్తకి ఇప్పుడు డెబ్భై దాటాయి. పార్టీల చీలికలూ ఆగలేదు. 2001లో తెలుగుదేశం వదిలి కేసీఆర్ పెట్టిన పార్టీలో 2025 సెప్టెంబర్‌లో సొంత కూతురు కవితనే సస్పెండ్ చేశారు. 2010 చట్ట సవరణ తరువాత మనలో భారత పౌరసత్వం ఉన్నవాళ్ళు ఓటరుగా పేరు నమోదు చేసుకోవచ్చు, ఊరెళ్ళి ఓటూ వేయొచ్చు. మన పిల్లలు రేపు ఓటేస్తారు. వాళ్ళకి మన కోపం ఒక్కటే ఇచ్చి పంపుదామా, లేక తేదీలు, లెక్కలు, రెండు వైపుల మాటలూ ఉన్న నోటుబుక్కు ఇచ్చి పంపుదామా? తీర్పు ఎటూ వాళ్ళే చెప్పుకుంటారు.

మీ ఇంట్లో 1995 నాటి పేపరు కటింగులు, కేసెట్లు, డైరీలు ఉంటే పారెయ్యకండి. తేదీ రాసి, కవర్లో పెట్టి దాచండి.