బార్నకిల్ ఏ జాతిది?
ఓడల అడుగునను, తీరశిలలమీదను సున్నపుగుల్ల కట్టుకొని కదలక యుండు బార్నకిల్ అను ప్రాణిని, క్యూవియే వంటి శరీరశాస్త్ర కోవిదుడు సైతము నత్తల, ఆలిచిప్పల సరసన మృదుశరీరులలో జేర్చెను. 1830లో థాంప్సన్ అను సైనికవైద్యుడు, దాని పిల్ల కాళ్లతో నీదులాడి, పిదప ఒకచోట నంటుకొని గుల్ల కట్టుటను జూపి, ఇది పీతలకును రొయ్యలకును జ్ఞాతియని తెలిపెను.

తరువాత డార్విన్, బ్రిటిష్ మ్యూజియమువారు తమ సంగ్రహమును ఎరవీయగా, 1846 మొదలు 1854 వరకు ఇంటనే సూక్ష్మదర్శిని నాశ్రయించి, గుల్లపలకల అతుకులను, కుచ్చులుగా నున్న కాళ్లను, నోటి భాగములను ఒక్కొక్కటిగా విప్పి పోల్చి జాతులను నిర్ణయించెను. గుల్ల ఆకారము అది పెరిగిన తావునుబట్టి మారును గనుక, పైరూపు మాత్రమే చూచి పేరిడుట ఎంతటి ప్రమాదమో శ్రోతలే గ్రహింపగలరు. ఆ శ్రమకు దక్కిన ఫలము సామాన్యము గాదు: ఐబ్లా అను ప్రజాతిలో, ఆడుదాని గుల్లలోపల పరాన్నజీవివలె నంటియున్న అణుమాత్రపు మగప్రాణి ఆయనకు గోచరించెను.