మంచుకొండలకు మా గూడుబండి

మన బనగానపల్లె ప్రాంతమున పూర్వము శివరాత్రికి యాగంటికో మహానందికో బయలుదేరు కుటుంబము ముందుగనే బండిని సిద్ధపరచుకొనెడిది. ఇరుసునకు కందెన వేయుదురు. గూడుపై కొత్త చాప కట్టుదురు. అడుగున దట్టముగా వరిగడ్డి పరచి, దానిపై బొంత, బొంతపై జంపఖానా వేయుదురు. బండి క్రింద లాంతరు వ్రేలాడుచుండెడిది. తెల్లవారుజామున ఆ గడ్డిలో ఒదిగి పండుకొన్న పిల్లలకు చలి తెలియకుండెడిది. ఎడ్లబండి పోయి మోటారు వచ్చినది గాని, ఇంటిని చక్రములపై ఎక్కించుకొని పోవలెనను కోరిక మాత్రము పోలేదు. గత శీతకాలమున మేము నలుగురము ఒక పాత సరకుల వ్యానును అట్టి గూడుబండిగా మార్చుకొని, మంచుపై జారు స్కీయింగు విద్యను నేర్చుకొనుటకు కాశ్మీరములోని గుల్‌మార్గునకు పోయి వచ్చితిమి. ఆ సన్నాహమును గురించి శ్రోతలకు కొంత విన్నవింతుము.

దారి వెదకుకొనవలసిన శ్రమ లేదు. డోన్ చేరినచో 44వ నంబరు జాతీయ రహదారి దొరకును. కన్యాకుమారి నుండి వచ్చు ఆ దారియే శ్రీనగరమునకు పోవును. చిక్కు వేరొక చోట నున్నది. మన బండ్లు, మన మెకానిక్కులు, మన అలవాట్లు, అన్నియు ఎండను ఎదుర్కొనుటకు ఏర్పడినవి. మే నెలలో 40 డిగ్రీలు దాటు ఊరిలో పెరిగిన బండిని, రాత్రివేళ సున్నకు దిగువ 10 డిగ్రీలకు జారు చోటికి తీసికొనిపోవుచున్నాము. ఇచ్చట మేలు చేయు అలవాటు అచ్చట కీడు చేయవచ్చును.

రేడియేటరు సంగతి చూడుడు. మన ప్రాంతమున అందులో వట్టి నీరు పోసి తిరుగువారు ఎందరో కలరు. నీరు గడ్డకట్టునప్పుడు నూటికి సుమారు 9 పాళ్లు పెరుగును. ఆ పెరుగుదలకు ఇనుప ఇంజను సైతము పగులును. ఎథిలీన్ గ్లైకాల్ అను ద్రవమును నీటితో సరిపాళ్లుగా కలిపి పోసినచో సున్నకు దిగువ 35 డిగ్రీల వరకు భయము లేదు. అయితే అది తియ్యగా నుండు విషము. పిల్లలకు గాని కుక్కలకు గాని అందనీయరాదు. డీజిలు కూడ చలికి మైనము వలె పేరుకొని వడపోత గొట్టమును మూసివేయును. అందుచేత క్రింది ఊళ్లలో నింపిన డీజిలును పైకి మోసికొని పోక, కొండ ఎక్కుకొలది అచ్చటి బంకులలోనే పోయించుకొనుట మంచిది. లడఖ్ వంటి సీమల కొరకు సున్నకు దిగువ 33 డిగ్రీల వరకు పేరుకొనని డీజిలును ఇండియన్ ఆయిల్ సంస్థ 2019 నవంబరులో ప్రవేశపెట్టినది.

ఇక గూడు. బండి దేహమును మార్చుటకు 1988 నాటి మోటారు వాహనముల చట్టము, 52వ సెక్షను అడ్డు వచ్చును. కావున ముందుగా రవాణా కార్యాలయములో విచారించి, అనుమతి పొందిన పిదపనే పని మొదలిడవలెను. మేము గోడలకు, కప్పునకు నురుగు పలకలను అంటించి, పైన ప్లయివుడ్డు బిగించితిమి. నేలకు అన్నిటికంటె మందముగా వేసితిమి. మా పెద్దలు బండిలో గడ్డి పరచుటలోని రహస్యము ఇదియే: పరకల నడుమ చిక్కుకొని కదలక నిలిచిన గాలియే చలికి అడ్డుగోడ. పరుపుపై మన కురుబలు నేయు గొంగళ్లను పరచితిమి. ఉన్ని కొంత తడిసినను వెచ్చదనమును పూర్తిగా విడువదు. దుకాణములలో దొరకు ఖరీదైన సంచిపరుపుల కంటె మాకు అవియే ఎక్కువ నచ్చినవి.

అంతయు బిగించి, డిసెంబరులో ఒక రాత్రి యాగంటి కొండ దిగువన బండిలో పండుకొని పరీక్షించితిమి. చలిగాలి సందు లేకుండ మూసితిమని మాకు గర్వము. తెల్లవారునప్పటికి అద్దములనుండి నీరు కారుచున్నది. కప్పు నుండి చుక్కలు మా ముఖములపై పడుచున్నవి. ఆ నీరు వాన కాదు, మా ఊపిరియే. నిద్రించు ఒక్కొక్క మనిషి నుండి రాత్రికి పావులీటరో అంతకంటె ఎక్కువో నీరు ఆవిరిగా వెలువడును. యాగంటిలో అది చుక్కలుగా రాలినది. గుల్‌మార్గులో గోడపై మంచుగా పేరుకొని, పగలు కరగి పరుపును నానబెట్టును. అటుపిమ్మట గోడకు దిగువ నొకటి, కప్పునకు నొకటి, రెండు గవాక్షములు పెట్టించి, ఎంత చలియైనను వానిని మూయరాదని నియమము చేసికొంటిమి.

ఆ నియమమునకు తడికంటె పెద్ద కారణము ఒకటి కలదు. ఉత్తరాదిలో ప్రతి శీతకాలమున మూసిన గదిలో బొగ్గుల కుంపటి పెట్టుకొని నిద్రించి, మరల లేవని కుటుంబముల వార్తలు పత్రికలలో వచ్చుచునే యుండును. చాలినంత గాలి అందక మండు నిప్పునుండి కార్బన్ మోనాక్సైడు అను వాయువు పుట్టును. దానికి రంగు లేదు, వాసన లేదు. నెత్తురులో ప్రాణవాయువును మోయు పదార్థమును అది ప్రాణవాయువు కంటె 200 రెట్లకు మించిన బలముతో పట్టుకొనును. తలనొప్పి, మగత, అంతే. మేలుకొనవలెనను తెలివియే ముందు పోవును. మన ఇండ్లలో వంటగదికి కిటికీ యుండును, చలియు స్వల్పము. కావున ఈ భయము మనకు అలవాటు లేదు. మా బృందములోని పెద్దాయన కుంపటి తెత్తునని పట్టుపట్టిరి. ఇంట బాలింతకు కుంపటి పెట్టని దినము కలదా యని వారి వాదము. ఆ ఒక్క విషయమున మేము వారి మాటను కాదనవలసి వచ్చినది.

పొయ్యిని వంటకే గాని వెచ్చదనమునకు వాడరాదు. వండునప్పుడు తలుపు తెరచి యుంచవలెను. వెచ్చదనమునకు, గాలిని బయటనుండి తీసికొని పొగను గొట్టము ద్వారా బయటికే పంపు డీజిలు హీటరును అమర్చితిమి. ఆ గొట్టపు మూతిని మంచు కప్పకుండ చూచుచుండవలెను. ఇంజను నడిపించి వెచ్చబడుదమనుకొనువారికి కూడ ఇదే హెచ్చరిక. వీనికి తోడు ఈ వాయువును పసిగట్టి మోగు చిన్న గంట యొకటి కొని తలాపున కట్టితిమి. మా ఖర్చులన్నిటిలో వ్యర్థము కానిది అదియే. గ్యాసుబండను గురించి ఒక మాట. అందులోని బ్యూటేను సున్న డిగ్రీల వద్దనే ఆవిరిగా మారుట మానును. మంట సన్నగిల్లినదని బండను నిప్పుతో వేడిచేయు సాహసము ఎవరును చేయరాదు.

చిన్న సంగతులు కొన్ని. చేతిబ్రేకు చలికి బిగుసుకొనవచ్చును. గేరులో నిలిపి చక్రములకు దిమ్మలు వేయవలెను. నాపరాళ్ల ఊరివారమైనను రాయి జారునని కర్రదిమ్మలనే వేసితిమి. చక్రములకు గొలుసులు కట్టుట ఇంటివద్దనే పదిమార్లు అభ్యసించవలెను. మంచులో వ్రేళ్లు పనిచేయవు. త్రాగునీటి సీసాను తలక్రిందుగా నుంచినచో మంచు పైకి తేలి మూతివద్ద నీరు నిలుచును. స్కీలు, బూట్లు అచ్చటనే అద్దెకు దొరకును గావున మోసికొని పోలేదు. తడిబూట్లు మాత్రము పరుపు దరికి రాకుండ తలుపు ప్రక్కన ఒక తొట్టి పెట్టితిమి.

మంచు కురిసినను కొండచరియలు జారినను శ్రీనగరపు దారిని మూసివేయుదురు; అప్పుడు ఆగినచోటనే ఉండవలెను. అందుకు రెండు దినముల ఆహారము వేరుగా కట్టితిమి. ఎండిన జొన్నరొట్టెలు, సెనగకాయల పొడి, బెల్లము, ఊరమిరపకాయలు చలికి చెడలేదు. కొబ్బరినూనె మాత్రము జమ్ము చేరకమునుపే రాయియైనది.