త్రాగుము – త్రాగుడి



జనగామ, మహబూబాబాదు, భూపాలపల్లి ప్రాంతముల సంఘములనుండి మనమీ దినమున ఒక్క బల్లయొద్దకు వచ్చియున్నాము. ఆ బల్లయొద్ద తరచు వినెడి ఒక చిన్న క్రియాపదమును నేడు ధ్యానింతము.

క్రొత్త నిబంధన వ్రాయబడిన గ్రీకు భాషలో త్రాగుటకు 'పీనో' అను క్రియ కలదు. ఒక్కనితో చెప్పునప్పుడు దాని ఆజ్ఞారూపము 'పియె', అనగా త్రాగుము. పలువురితో చెప్పునప్పుడు 'పియెతె', అనగా త్రాగుడి.

లూకా 12వ అధ్యాయములోని ధనవంతుడు పెద్ద కొట్లు కట్టింపదలచి, తన ప్రాణముతో 'పియె' అని చెప్పుకొనజూచెను. ఆ మాట వినుటకు అతని ప్రక్క మరియొకడు లేడు. మత్తయి 26:27లో ప్రభువు గిన్నె పట్టుకొని 'పియెతె' అనెను. అంతటితో ఆగక 'పాంతెస్', అనగా అందరు, అను మాట చేర్చెను.

1611 నాటి ఇంగ్లీషు తర్జుమాలో ఈ మాట త్రాగువారికి చెందునో, గిన్నెలోని దానికి చెందునో అను సందేహము కలుగును. గ్రీకులో ఆ సందేహమునకు చోటు లేదు. 'పాంతెస్' బహువచనము, త్రాగువారికే చెందును. గిన్నెలో ఏమియు మిగల్చవద్దని కాదు, మీలో ఎవరిని విడువవద్దని దాని భావము. మన తెలుగులో మనుష్యులకు 'అందరు', వస్తువునకు 'అంతయు' అని వేరుగా నున్నవి గనుక మనకా పొరపాటు కలుగదు.

మార్కు 14:23లో అదే క్రియ భూతకాలములో కనబడును: 'ఎపియోన్', త్రాగిరి. అక్కడను 'పాంతెస్' ఉన్నది. ఆ రాత్రియే ప్రభువును ఎరుగనని పలుకబోవు పేతురు ఆ అందరిలో ఉండెను.

1415లో కాన్‌స్టాన్స్ మహాసభ గిన్నెను గురువులకే ఉంచి, సామాన్య విశ్వాసులకు రొట్టె మాత్రమే ఇయ్యవలెనని తీర్మానించెను. బొహీమియా విశ్వాసులు గిన్నె అందరిదని పట్టుబట్టి, గిన్నె బొమ్మనే తమ జెండాలపై నిలుపుకొనిరి.

మన పల్లెలలో ఎవరును తీర్మానము వ్రాయలేదు. అయినను టీ హోటలులో కొందరికి వేరు గ్లాసు, బావియొద్ద కొందరికి వేరు చోటు ఉండుట మన పెద్దలెరుగుదురు. ఇట్టి ప్రాంతమునకే, నేటి మహబూబాబాదు జిల్లాలోని డోర్నకలుకు, 1909లో అజరయ్యగారు సువార్తతో వచ్చిరి. 1912 డిసెంబరు 29న ఆంగ్లికన్ సంఘమున మొదటి భారతీయ బిషపుగా అభిషేకింపబడిరి. ఆ డయోసీసులో అధిక సంఖ్యాకులు మాల, మాదిగ కుటుంబముల విశ్వాసులే. వేరు గ్లాసు ఎరిగిన పెదవులకు ఒకే గిన్నె అందెను.

అయితే మేము చూచినది చెప్పక తప్పదు. మేము పరిచర్య చేసిన ఒక సంఘములో ఒక కుటుంబము ఎల్లప్పుడు ముందుగా మోకరించి, వేరొక పేటవారి పెదవులు తగులకమునుపే గిన్నె పుచ్చుకొనెడిది. మేమును చాల కాలము చూచి చూడనట్లుంటిమి. గిన్నె ఒకటే, మనస్సులో మాత్రము రెండు గ్లాసులు. ఒక ఆదివారము కడవరి వరుసనుండి మొదలుపెట్టితిమి. ఆ కుటుంబము రెండు నెలలు గుడికి రాలేదు. పిమ్మట ఆ ఇంటి పెద్దమ్మగారు ఒక్కరే వచ్చి, అందరి వెనుక మోకరించిరి. మిగిలినవారి కొరకు ఇంకను కనిపెట్టుచున్నాము.

ప్రియులారా, ఈసారి గిన్నె మనయొద్దకు వచ్చినప్పుడు ప్రక్కన మోకరించినవారిని తలంచుకొందము. మన చెవిలో పడుచున్నది 'పియె' అను మాటయా, 'పియెతె' అను మాటయా? అందరిలో ఒకరిగా త్రాగు కృపను ప్రభువు మనకు దయచేయును గాక. ఆమేన్.