కొలిచిన మాటే బిల్లుకెక్కాలి

ఈ రోజు పట్టా అందుకున్న మోటార్ మెకానిక్ విద్యార్థులందరికీ నా అభినందనలు.

ఐటీఐ విద్యార్థులకు దేశవ్యాప్తంగా తొలి స్నాతకోత్సవం 2022 సెప్టెంబర్ 17న, విశ్వకర్మ జయంతి నాడు జరిగింది. చేతిపనికి ఆలస్యంగా దక్కిన గౌరవం అది. రేపటి నుంచి దాన్ని నిలబెట్టాల్సింది షెడ్డులో మీరు చేసే పనే. అందుకే ఈ వేళ ఒకే ఒక్క రిపేరు గురించి మాట్లాడతాను.

పల్నాడు ఎండ సంగతి మీకు చెప్పక్కర్లేదు. వేసవి వచ్చిందంటే రెంటచింతల పేరు వార్తల్లోకి ఎక్కుతుంది. అలాంటి మే నెలలో, మాచర్ల నుంచి గుంటూరు ఆసుపత్రికి ముసలి తల్లిని తీసుకెళ్తున్న కారు సత్తెనపల్లిలో మీ షెడ్డు ముందు ఆగుతుంది. ‘‘తమ్ముడూ, ఏసీ ఆన్ కావట్లేదు, కాస్త చూడు’’ అంటారు. ‘‘గ్యాస్ అయిపోయిందన్నా, ఎక్కించాలి’’ అనే మాట నోటి చివరే ఉంటుంది. చూడకుండా ఆ మాట అనకండి.

ముందు బ్లోయర్ తిరుగుతోందో లేదో చూడండి. గాలే రాకపోతే దాని ఫ్యూజు, మోటారు వెతకండి. గాలి వస్తున్నా చల్లబడకపోతే బానెట్ ఎత్తి, ఏసీ బటన్ నొక్కించి, కంప్రెసర్ క్లచ్ పట్టుకుంటోందా అని గమనించండి. పట్టుకోకపోతే దాని కనెక్టర్ దగ్గర మల్టీమీటర్ పెట్టండి. 12 వోల్టులు వస్తూ, ఎర్త్ బాగుండి కూడా క్లచ్ కదలకపోతే తప్పు క్లచ్‌లోనే ఉంది: కాయిల్ తెగిందేమో, గ్యాప్ పెరిగిందేమో చూడండి. మంచి కాయిల్ సాధారణంగా 3 నుంచి 5 ఓమ్‌లు చూపిస్తుంది. కరెంటే రాకపోతే ఫ్యూజు, రిలే, ప్రెషర్ స్విచ్, కూలింగ్ కాయిల్ సెన్సర్ వరుసగా చూసుకుంటూ వెళ్లండి. ఇంజిన్ మరీ వేడెక్కితే ఈసీయూ తానే ఏసీని ఆపేస్తుంది. అప్పుడు చూడాల్సింది రేడియేటర్, దాని ఫ్యాను. క్లచ్ లేని కంప్రెసర్లున్న కొత్త కార్లకు స్కానర్ పెట్టాల్సిందే.

ప్రెషర్ స్విచ్ గురించి ప్రత్యేకంగా చెప్పాలి. గ్యాస్ బాగా తగ్గిపోతే ఆ స్విచ్ కంప్రెసర్‌ను తిరగనివ్వదు. కంప్రెసర్‌కు అందాల్సిన ఆయిల్ గ్యాస్‌తోనే తిరుగుతుంది కాబట్టి, గ్యాస్ లేకుండా తిప్పితే లోపలి భాగాలు ఒరుసుకుపోయి పట్టేస్తాయి. స్విచ్ వైర్లు రెండూ కలిపేసి ఏసీ ఆన్ చేసి పంపిస్తే, ఆ బండికి కాపలా తీసేసినట్టే. ఆ పని ఎన్నడూ చేయకండి. ఇంజిన్ ఆపి, గేజ్ తగిలించండి. ఆర్-134ఏ గ్యాస్ ఉన్న బండిలో, ఇంజిన్ చల్లగా ఉండి బయట 40 డిగ్రీలుంటే, ప్రెషర్ 130 పీఎస్‌ఐ చుట్టుపక్కల ఉండాలి. అంత ఉన్నంత మాత్రాన గ్యాస్ నిండుగా ఉన్నట్టు కాదు గానీ, స్విచ్ ఆపేంత తక్కువ లేదని తేలుతుంది. ముల్లు సున్నా దగ్గర ఉందా, అయితే ఎక్కడో లీకుంది. నైట్రోజన్ ఎక్కించి, సబ్బునీళ్లు పూసి, అది దొరికి, కట్టాకే గ్యాస్ నింపండి.

లీకు కట్టకుండా నింపిన గ్యాస్ మళ్లీ గాలిలోకే పోతుంది. బరువుకు బరువు చూస్తే, నూరేళ్ల లెక్కలో ఆర్-134ఏ భూమిని కార్బన్ డయాక్సైడ్ కంటే 1,300 రెట్లకు పైగా వేడెక్కిస్తుంది. ఇలాంటి వాయువుల వాడకాన్ని తగ్గించడానికే 2016లో ప్రపంచ దేశాలు కిగాలీలో ఒప్పందానికి వచ్చాయి. 2021లో మన దేశమూ దాన్ని ఆమోదించింది. ఆ ఒప్పందం అమలయ్యే చోటు మీ షెడ్డే.

మీ దగ్గరికొచ్చే వాళ్లలో చాలామందిది మిర్చి అమ్మిన డబ్బు, పత్తి అమ్మిన డబ్బు. పది రూపాయల ఫ్యూజుతో పోయేదానికి కంప్రెసర్ మార్పించారంటే, ఒక రైతు పెట్టుబడిలో కోత పెట్టినట్టే. మీటర్‌లో అంకె బండి యజమానికి చూపించండి. మార్చిన పాత సామాను ఆయన చేతికివ్వండి. మీరు కొలవనిదేదీ బిల్లులో రాయకండి. అర్థం కాకపోతే ‘‘ఇంకా చూడాలన్నా’’ అని ధైర్యంగా చెప్పండి. అలా పనిచేసే మెకానిక్‌ను పల్నాడు జనం ఊళ్లు దాటి వెతుక్కుంటూ వస్తారు.

మీ పనితో మీ అమ్మానాన్నలకూ ఈ ఊరికీ మంచి పేరు తెస్తారని నా గట్టి నమ్మకం.