పండుగ చాకిరీ, మన ఆరోగ్యం

(ఆళ్లగడ్డలో మహిళా సంఘాల సమావేశంలో చేసిన ప్రసంగ పాఠం)



పండుగ రోజుల్లో ఆరోగ్యంగా, చురుగ్గా ఎట్లా ఉండాలో చెప్పమని నన్ను నంద్యాల నుంచి పిలిపించారు. ఈ విషయం మీద పేపర్లలో వచ్చేదంతా దాదాపు ఒకటే: తీపి తగ్గించండి, పొద్దున్నే నడవండి. తప్పు మాటేమీ కాదు. కానీ ఆ రాసేవాళ్లు పండుగను విస్తరి ముందు కూర్చుని చూస్తున్నారు. మనం పొయ్యి దగ్గర నుంచి చూద్దాం.

వేరే చోట్ల సంక్రాంతి మూడు రోజులతో అయిపోతుంది. ఇక్కడ కనుమ నాడే అసలు పని మొదలు. అహోబిలం నరసింహస్వామి పార్వేటకు బయలుదేరి, నలభై రోజులకు పైగా ముప్పైకి మించిన ఊర్లు తిరుగుతాడు. తన పెళ్లికి జనాన్ని తానే వచ్చి పిలుస్తాడని నమ్మకం. దేవుడే మన వాకిట్లోకి వచ్చే ఈ పండుగంటే నాకూ ఇష్టమే. స్వామి ఏ ఊరికొస్తే ఆ ఊర్లో కూతుళ్లు, అల్లుళ్లు, వియ్యాలవారు దిగుతారు. ఆ వెంటనే మహానందిలో శివరాత్రి. ఇన్ని రోజుల్లో ఇంటి ఆడమనిషి ఎన్ని గంటలకు లేచింది, ఎప్పుడు నోట్లో ముద్ద పెట్టుకుంది అని అడిగేవాళ్లేరీ?

2024లో కేంద్ర ప్రభుత్వం చేసిన సమయ వినియోగ సర్వేలో, జీతం లేని ఇంటిపని చేసే ఆడవాళ్లు రోజుకు సగటున 289 నిమిషాలు, మగవాళ్లు 88 నిమిషాలు ఆ పనిలో ఉన్నారని తేలింది. ఇది సగటు లెక్క. ఇంటినిండా చుట్టాలుండి భక్షాలు చేసే నాటి లెక్క మీకే తెలుసు. "అంత పని చేస్తుంటే ఆడవాళ్లకు వేరే వ్యాయామం ఎందుకు?" అంటారు కొందరు. గంటల తరబడి పొయ్యి ముందు ఒకే తీరుగా వంగి కూర్చుంటే నడుము పట్టేస్తుంది గానీ ఒంటికి చురుకు రాదు. మధ్యలో లేచి, చేతులు చాపి, వీధి చివరి దాకా నడిచి రావాలి. ఆ పది నిమిషాలు పిండి దగ్గర ఎవరు కూర్చుంటారంటారా? ఇంట్లో మగవాళ్లకూ చేతులున్నాయి.

ఇక తిండి. 2019-21 జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వే ప్రకారం దేశంలో 15 నుంచి 49 ఏళ్ల ఆడవాళ్లలో నూటికి 57 మందికి రక్తహీనత ఉంది. మగవాళ్లలో 25 మందికే. అందరూ తిన్నాక మిగిలింది తినడం, పైన ఉపవాసాలు. రక్తం తక్కువున్న ఒంటితో మూడు రోజులు నిలబడి వండితే కళ్లు తిరగక ఏమవుతుంది? పొద్దున్నే వంటకు దిగేముందే ఒక జొన్నరొట్టె, పప్పో గోంగూరో తినండి. అన్నంతో పాటే టీ తాగితే తిండిలోని ఇనుము ఒంటికి పట్టదు. కొంచెం ఆగి తాగండి. షుగరు మాత్రలు, ఇన్సులిన్ వాడేవాళ్లు శివరాత్రి ఉపవాసం డాక్టరును అడగకుండా ఉండవద్దు. మందు వేసుకుని తిండి మానేస్తే షుగరు పడిపోయి ప్రాణం మీదికి వస్తుంది.

ఇప్పుడు అందరూ గుసగుసగా మాట్లాడే సంగతి. ముట్టు వెనక్కి జరిపే మాత్రలు. పండుగ వస్తుందంటే మెడికల్ షాపుల్లో చీటీ లేకుండానే తెచ్చుకుంటున్నారు. ఒక చెల్లెలు నాతో అన్నది: "స్వామి మా ఊరికొచ్చి పోయేదాకా మాత్రలు వేసుకుంటి అక్కా. కావాలన్నది మా అత్త, తెచ్చింది మా ఆయన. నన్నెవరూ అడగల్యా."

ఆ మాత్ర పేరు నోరెథిస్టెరోన్. అది హార్మోను. మాత్రలు ఆపిన రెండు మూడు రోజులకు ముట్టు వస్తుంది. చాలామందికి వికారం, తలనొప్పితో పోతుంది. కానీ కాళ్లలోనో ఊపిరితిత్తుల్లోనో రక్తం గడ్డకట్టిన చరిత్ర ఉన్నవాళ్లు, కాలేయ జబ్బు, రొమ్ము క్యాన్సర్ ఉన్నవాళ్లు, గర్భం ఉందేమోనని అనుమానమున్నవాళ్లు వేసుకోకూడదు. మెడికల్ షాపు కుర్రవాడు ఇవన్నీ అడుగుతాడా? వేసుకున్నాక ఒక కాలు వాచి నొప్పెట్టినా, ఆయాసం, ఛాతీనొప్పి వచ్చినా పండుగ అయిపోనీ అనుకోకుండా 108కి ఫోన్ చెయ్యండి. వేసుకోవాలా వద్దా అన్నది డాక్టరుతో మాట్లాడి మీరు తేల్చుకోవాలి. అత్తా మొగుడూ కాదు. మడి ఇంటిది, మందు మాత్రం మన ఒంట్లోకి పోవాల్నా?

ఇంకొకటి. తిరునాళ్లకు పోయిన ఆడవాళ్లు పొద్దంతా నీళ్లు తాగరు, మరుగు ఉండదని. ఎగువ అహోబిలం కొండ ఎక్కేటప్పుడూ అంతే. నీళ్లు తాగక, మూత్రం ఆపుకుని, ఇంటికొచ్చాక మంట, జ్వరం. దీనికి ఇంటి వైద్యం లేదు, పంచాయతీ వైద్యమే. పార్వేట వచ్చే ప్రతి ఊర్లో పందిళ్లకూ, మైకులకూ చందాలు పోగవుతాయి. అదే లెక్కలో ఆడవాళ్లకు తలుపులున్న మరుగుదొడ్లు, నీళ్ల ట్యాంకరు ఎందుకు రాయరు? పండుగ పెద్దల కమిటీలో ఎంతమంది ఆడవాళ్లున్నారో మీ ఊర్లో లెక్కపెట్టండి.

అర్జీ ఒకటి రాసి తెచ్చాను, బల్ల మీద ఉంది. ఊరి పేరు రాసే చోటు ఖాళీగా వదిలాను. స్వామి మీ ఊరికి ఏ రోజు వస్తాడో చూసుకుని, దానికి పదిహేను రోజుల ముందే పంచాయతీలో ఇవ్వండి. నకలు మీద సంతకం, ముద్ర తీసుకోవడం మర్చిపోవద్దు.