ఒక చుక్క కోసం



వెనక భాగం పొడుచుకొచ్చిన పాత టీవీలు మీలో కొందరికైనా గుర్తుండే ఉంటాయి. ఆ పిక్చర్ ట్యూబు మెడలో, గాజు కడ్డీలకు బిగించిన చిన్న చిన్న లోహపు గిన్నెల వరసే ఎలక్ట్రాన్ గన్. తెరమీద సన్నని చుక్క పెట్టడమే దాని పని. ఆ చుక్క కోసం పడిన శ్రమ మీకు చెప్పాలని ఉంది.

మొదట కాథోడ్. నికెల్ టోపీ మీద బేరియం, స్ట్రాన్షియం ఆక్సైడ్ల పూత. దాదాపు 800 డిగ్రీల సెల్సియస్‌కు వేడెక్కితే ఎలక్ట్రాన్లను వదులుతుంది. దానికి ఎదురుగా, మిల్లీమీటరులో పదోవంతు ఎడంలో, మొదటి గ్రిడ్. దాని నడుమ అర మిల్లీమీటరు పైచిలుకు రంధ్రం. రంధ్రం పెంచితే కరెంటు పెరిగి బొమ్మ వెలుగుతుంది, చుక్క మాత్రం లావెక్కుతుంది. తగ్గిస్తే చుక్క చిక్కుతుంది, వెలుగూ తగ్గుతుంది. పైగా వేడికి లోహం సాగి ఆ కాస్త ఎడమూ మారిపోతుంది. చల్లగా ఉన్నప్పుడు బిగించేవాడు వేడెక్కాక ఏమవుతుందో ముందే లెక్కగట్టాలి.

తర్వాతి ఎలక్ట్రోడ్లు లెన్సులా పనిచేస్తాయి. లెన్సు వెడల్పయితే చుక్క చెదరదు. కానీ మెడ ఇరుకు. మెడ లావు చేస్తే కిరణాన్ని తిప్పే కాయిల్‌కు కరెంటు ఎక్కువ కావాలి. రంగుల టీవీలో ఆ ఇరుకులోనే మూడు కిరణాలు. 1968లో సోనీ ట్రినిట్రాన్ ఆ మూడింటినీ ఒకే పెద్ద లెన్సు మధ్యగా పంపింది. ఆ డిజైన్ చూసినప్పుడల్లా నాకు ఒళ్లు పులకరిస్తుంది.

బెర్లిన్‌లో ఎర్నెస్ట్ రుస్కా విద్యార్థిగా చేపట్టిన పని కూడా ఇలాంటిదే: ఆసిలోగ్రాఫ్ చుక్కను సన్నబరచడం. తీగచుట్ట ఎలక్ట్రాన్లకు లెన్సు కాగలదని 1926లో హాన్స్ బుష్ చూపిన గణితాన్ని ఆయన ప్రయోగానికి పెట్టాడు. 1931లో మాక్స్ క్నోల్‌తో కలిసి తొలి ఎలక్ట్రాన్ మైక్రోస్కోప్ నమూనా కట్టేనాటికి ఆయన వయసు 24. నోబెల్ 1986లో వచ్చింది.

టంగ్‌స్టన్ ఫిలమెంట్ ఉన్న ఎలక్ట్రాన్ మైక్రోస్కోప్ మీకు దగ్గర్లో ఎక్కడుందో కనుక్కోండి. ఫిలమెంట్ మార్చే రోజున వెళ్లండి. మొదటి గ్రిడ్ పనే చేసే వెనెల్ట్ టోపీ రంధ్రానికి సరిగ్గా నడిమధ్యకు ఫిలమెంట్ మొన వచ్చేలా టెక్నీషియన్ గారు మరలు సర్దుతుంటారు. ఒక్కసారి మీ చేత సర్దించమని ఆయన్ను అడగండి.