పాత కుట్టు మిషనుల మరమ్మతు
(ఉగాది సభలో చేసిన ప్రసంగ పాఠం)



సాహిత్యాన్ని గురించి ఏదైనా మాట్లాడమని కార్యదర్శిగారు కోరారు. మేము మెట్రిక్‌తో చదువు ఆపిన రైల్వే గుమాస్తాలము. సెలవు దినాల్లో స్క్రూడ్రైవరు పట్టుకొని పాత కుట్టు మిషనుల ముందు కూర్చోవడం మాకు అలవాటు. కనుక మాకు తెలిసిన ఆ నాలుగు మాటలే మనవి చేస్తాము.

షోలాపురపు తెలుగువారి ఇళ్ళలో మగ్గం తరువాత అన్నం పెట్టినవాటిలో కుట్టు మిషను ఒకటి. ఈనాడు మన వూరు యూనిఫారాలకు పేరుపడినదంటే, అందులో మన ఆడపడుచుల కాళ్ళ కష్టం ఎంతో వున్నది. కొన్ని ఇళ్ళలో ఇంకా తాతలనాటి సింగర్ 31కె మిషనులే నడుస్తున్నవి. ఆ 'కె' అన్నది స్కాట్లండులో క్లైడ్‌బ్యాంకు వద్దనున్న కిల్‌బోవీ కార్ఖానాకు గుర్తు. ఆ కార్ఖానా 1885లో పని మొదలుపెట్టి 1980లో మూతబడింది. కార్ఖానా పోయినా మిషను పోలేదు. పోత ఇనుప శరీరం, ఉక్కు ఇరుసులు. వేళకు నూనె పడితే అరుగుదల బహు స్వల్పం.

అటువంటి దానిని ఇనుముకు అమ్మివేయమని సలహా చెప్పేవారు ఎక్కువైనారు. క్రిందటి యేడు మా వీధిలో ఒక అక్కయ్యగారి మిషను కుట్లు వదిలివేయసాగింది. బాగుచేయ వచ్చినతను కనిపించిన మరనల్లా తిప్పి, చివరకు కొత్తది కొనుక్కోమని చెప్పి, తన కూలి తాను తీసుకొని వెళ్ళాడు. ఆమె చీటీ పాడటానికి సిద్ధమైనది. ముక్కకింత అని కుట్టే ఇంటిలో మిషను వారం రోజులు ఆగితే ఏమవుతుందో ఇక్కడివారికి వేరే చెప్పనక్కరలేదు. మేము వెళ్ళి చూస్తే సూది కాస్త ప్రక్కకు తిరిగి వున్నది! అంతే జబ్బు. తక్కినదంతా వైద్యుడు తెచ్చిపెట్టినది.

ఇంటి మిషను సూది కాడ ఒక ప్రక్క చదునుగా వుంటుంది. కార్ఖానా రకం సూది కాడ సాధారణంగా గుండ్రం. ఎటు పెట్టినా దూరుతుంది. చిక్కంతా అక్కడే. సూదికి ఒకవైపు పొడుగాటి గాడి, రెండవవైపు కన్నానికి కొంచెం పైన చిన్న నొక్కు వుంటవి. దారం గాడి వైపునుండి కన్నంలోకి పోవలె. నొక్కు కొక్కెం వచ్చే వైపు వుండవలె. చొక్కా గుడ్డకు 14వ నంబరు, దళసరి డ్రిల్లుకు 16 లేక 18 వాడండి. మొన మొద్దుబారిన సూదిని పొదుపు పేరిట వుంచుకోవద్దు.

ఇక టైమింగు. సూది అడుగుదాకా దిగి, తిరిగి రెండు, రెండున్నర మిల్లీమీటర్లు లేచేసరికి దారం చిన్న ఉచ్చులాగా ఉబ్బుతుంది. ఆ క్షణాన కొక్కెం మొన వచ్చి ఉచ్చును అందుకోవలె. అప్పుడు మొన కన్నానికి సుమారు ఒకటిన్నర మిల్లీమీటరు పైన వుండవలె. సూదికీ మొనకూ మధ్య పలుచని కాగితమంత ఎడం చాలును. మా రైల్వేవారికి ఇది కనెక్షను బండిలాగా తోస్తుంది. ఆ బండి ముందుగా పోయినా, ఈ బండి ఆలస్యంగా వచ్చినా ప్రయాణీకుడు ప్లాట్‌ఫారం మీదనే! కొక్కేన్ని కదపక ముందు సూది కడ్డీ ఎత్తు చూడండి. కడ్డీ జారినా టైమింగు తప్పినట్లే కనిపిస్తుంది. ఏ మర విప్పినా ముందు అది వున్నచోట గీత గీసుకొనండి. ఒకసారికి ఒకటే మార్చి, పాత గుడ్డ మీద కుట్టి చూడండి.

గుడ్డ అడుగున దారం ఉచ్చులుగా పడితే అందరూ బాబిన్‌ను తిడతారు. పాపం, తప్పు తరచుగా పైదారానిది. అది టెన్షన్ బిళ్ళల మధ్యకు సరిగా దిగి వుండదు. బాబిన్ కేసును దారంతో వేలాడదీయండి. తనంతట జారకూడదు, చిన్నగా కుదిపితే కొంచెం జారవలె. అది కుదిరాకనే పై టెన్షన్ ముట్టుకోవలె.

గుడ్డ జరగకపోతే పళ్ళ సందున పేరుకొన్న నూగు తీయండి. పళ్ళు పైకి వచ్చినప్పుడు పలక మీదకు దాదాపు ఒక పన్నెత్తు కనబడవలె.

కొబ్బరినూనె సంగతి మాత్రం కాస్త గట్టిగానే చెబుతాము. అది తలకు మంచిది. మిషనులో పోస్తే చలికాలం గడ్డకడుతుంది. నాళ్ళు గడిస్తే జిగురై ఇరుసులను పట్టేస్తుంది. బిగిసిన మిషనుకు పొయ్యికి దూరంగా కిరసనాయిలు చుక్కలు వేసి, కొంతసేపుంచి, చక్రం చేత్తో తిప్పుతూ ముడ్డిని తుడవండి. తరువాత తెల్లని మిషను నూనె వేయండి. మొదటి గంట పాత గుడ్డల మీదనే కుట్టండి, లేకపోతే యూనిఫారాలకు మరకలంటుతవి.

ఆదివారాల్లో డ్యూటీ లేనప్పుడు మేము ఇంటివద్దనే వుంటాము. మిషను తేదలచినవారు పాత సూదిని తీయకుండా, ఎట్లా వున్నదట్లాగే తెండి. దానిని చూస్తే సగం సంగతి మాకు తెలుస్తుంది.